ఓనమాలు ఎవరి దేవునివి?

ధర్మకార్యాన్ని వేలెత్తి చూపడం పాపమన్న నమ్మకం మనవారిలో బలంగా ఉన్నది. గుడి కట్టించినవానిని లెక్క అడగము. అన్నదానం చేసినవానిని ఎవరికి పెట్టావని అడగము. బడి పెట్టించినవాని ముందైతే నోరే ఎత్తము. అందులోను ఆ బడి కొండమీద ఉండి, చదివేది గిరిజన శిశువులై, నడిపేది స్వచ్ఛంద సేవకులై, పోషించేది పట్టణాలలోను అమెరికాలోను స్థిరపడిన మన తెలుగు దాతలైతే, ఇక ప్రశ్న అన్న మాటే అపచారం. ఆ అపచారమే నేనిప్పుడు చేయబోతున్నాను. ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితుడిగా, అందులో చాలా భాగం ఏజెన్సీ అంచున, నల్లబల్ల ముందు నిలిచినవానికి ఆ మాత్రం అధికారం ఉన్నదని అనుకొంటున్నాను.

ముందుగా విషయమేమిటో స్పష్టం చేసుకొందాము. ఆదివాసుల పిల్లలకు చదువు చెప్పే మతసంస్థలు మన దేశంలో ప్రధానంగా రెండు తెగలు. మొదటిది క్రైస్తవ మిషనరీలది. జర్మనీ నుండి గోస్నర్ మిషన్ వారు 1845లోనే రాంచీ చేరారు. రెండవది హిందూ సంస్థలది. 1952లో జష్‌పూర్‌లో వనవాసి కల్యాణ ఆశ్రమం పుట్టినది. ఝార్ఖండ్ ప్రాంతంలో 1980లలో మొదలైన ఏకల్ విద్యాలయాలు, అనగా ఏకోపాధ్యాయ పాఠశాలలు, నేడు దేశమంతటా వ్యాపించాయి. ఊరి యువకుడో యువతియో గురువు. చెట్టునీడనో ఎవరి పంచలోనో రోజుకు రెండు మూడు గంటల చదువు. అక్షరాలు, ఆరోగ్యం, గ్రామవికాసం మొదలైనవాటితోపాటు 'సంస్కారం' కూడ అక్కడి పాఠ్యాంశమే. అమెరికాలోని దాతలను ఆ సంస్థ అడిగిన తీరు చాలమందికి గుర్తుండే ఉంటుంది: రోజుకు ఒక డాలరు, ఏడాదికి 365 డాలర్లు ఇస్తే ఒక ఊరికి ఒక బడి. 2017వ సంవత్సరపు గాంధీ శాంతి బహుమతి కూడ ఆ సంస్థ ట్రస్టుకే లభించినది.

ఈ రెండు తెగల సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం కాగా, షెడ్యూల్డు తెగలలో అది 49 శాతం మాత్రమే. అంటే సగం మందికి పైగా చదువుకు ఆవలనే ఉన్నారు. ప్రభుత్వోపాధ్యాయుడు వారానికి రెండుసార్లు కొండెక్కి, మిగిలిన దినాలకు సంతకాలు మాత్రం పెట్టివచ్చే రోజులు నేనెరుగుదును. అటువంటి చోటికి ఒక మనిషి తనంతట తాను వెళ్ళి, పిల్లలను కూర్చోబెట్టి, పలక చేతికిచ్చాడంటే వానికి నమస్కరించవలసినదే. వాడు రాముని పేరు చెప్పినా, యేసు పేరు చెప్పినా ఆ నమస్కారం చెల్లుతుంది.

ఇక్కడ మన హేతువాద మిత్రులు అడ్డుతగులుతారు. బడిలో దేవుడెందుకు, మతాన్ని గడప బయటనే ఉంచండి అంటారు. వారితోను నాకు పేచీయే. తెలుగువాడు అక్షరమాలను ఏమని పిలుస్తాడు? ఓనమాలు అని. 'ఓం నమః' అన్న మాటల నుండి పుట్టినదా పదం. మన తాతలు ఇసుకలో మొట్టమొదట దిద్దినది అకారం కాదు, శివునికి నమస్కారం. వీథిబడి మొదలు వేదపాఠశాల దాకా, మదరసా మొదలు మిషన్ హైస్కూలు దాకా ఈ దేశంలో చదువు దేవుని చేయి పట్టుకొనే నడిచినది. కనుక కొండమీది బడిలో ప్రార్థన వినబడినదని నేను ఉలిక్కిపడను. నా ప్రశ్న వేరు. ఆ ప్రార్థన ఎవరిది? తెలుగు శిశువు ఓనమాలు దిద్దినప్పుడు ఆ శివుడు వాని ఇంటి దేవుడు, వాని ఊరి గుడిలో ఉన్న దేవుడు. అక్షరం ఇంటి నుండి బడికి వేసిన వంతెన. మరి కోయపిల్లవాడికి, సవరపిల్లకు మనం దిద్దిస్తున్న ఓనమాలు ఎవరి దేవునివి?

ఇదే నా అభియోగం. ఈ బడుల దాతలు, రెండు తెగల వారును, ఆ శిశువును ఖాళీ కుండగా చూస్తున్నారు. వాడికి దేవుడు లేడు, మనమివ్వాలి. సంస్కారం లేదు, మనం నేర్పాలి. భాష లేదు, ఉన్నది యాస, దాన్ని సరిదిద్దాలి. ఈ మూడు మాటలలో ఒక్కటీ నిజం కాదు.

మేడారం వెళ్ళి చూడండి. రెండేళ్ళకొకసారి జరిగే ఆ జాతరలో సమ్మక్కను చిలుకలగుట్ట నుండి కుంకుమభరిణె రూపంలో కోయ పూజారులు తెచ్చి గద్దెమీద నిలుపుతారు. విగ్రహం లేదు, గోపురం లేదు. కాని లక్షలాది తెలుగువారు, మనలో సంస్కారవంతులమనుకొనే వారితో సహా, అక్కడికి వెళ్ళి బెల్లం 'బంగారమని' సమర్పిస్తారు. కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర సంగతీ అంతే. సవరల మతాన్ని గురించి వెరియర్ ఎల్విన్ 1955లో ఒక బృహద్గ్రంథమే ప్రచురించాడు. అందులో చదివితే తెలుస్తుంది, సవరలలో దేవతలతో మాట్లాడే పూజారులలో స్త్రీలు ఎంత ప్రముఖులో. స్త్రీని గర్భగుడి గడప దాటనీయని మనం, స్త్రీ పౌరోహిత్యం వహించే జాతికి సంస్కారం నేర్పడానికి బయలుదేరాము! ఇందులోని వింత దాతలకు తట్టకపోవడమే నాకు వింత.

'వనవాసి' అన్న పేరునే చూడండి. నేను పదాలతో బ్రతికినవాడిని కనుక ఈ మాట దగ్గర కాస్త ఆగుతాను. వనంలో నివసించేవాడు వనవాసి, వ్యుత్పత్తి సరిగానే ఉన్నది. కాని తెలుగువాని చెవికి వనవాసమంటే ఏమిటి? రాముడు పదునాలుగేండ్లు చేసినది, పాండవులు పన్నెండేండ్లు చేసినది. అది రాజ్యం పోయినవాని శిక్ష. గడువు తీరగానే వదిలివెళ్ళే చోటు. మరి తన ఇంట తానున్నవాడు చేసేది వనవాసమా? 'ఆదివాసి' అంటే మొదటినుండి ఉన్నవాడని అర్థం. ఆ మాటను పక్కకు నెట్టి ఈ మాటను తెచ్చినప్పుడు పోయినది రెండు అక్షరాలు కావు, ఆ మనిషి మొదటితనం.

క్రైస్తవ సోదరులు ఇది చదివి చంకలు గుద్దుకోనవసరం లేదు. తుడుం మోగిస్తే పాపమనీ, పెద్దల పేర పెట్టే కొలుపు సైతాను కొలువనీ, తాత పెట్టిన పేరు పనికిరాదు కొత్త పేరు పెట్టుకొమ్మనీ పిల్లవానికి చెప్పే బడి కూడ ఆ ఖాళీకుండ సిద్ధాంతాన్నే పాటిస్తున్నది. ఒకరు వాని దేవుడిని తమ దేవునికి అవతారం చేస్తారు, మరొకరు దయ్యం చేస్తారు. ఇద్దరి చేతిలోను వాడు దేవుడిని పోగొట్టుకొంటాడు.

'మేము చెప్పకపోతే ఎదుటివారు వచ్చి వారి మతం చెప్తారు' అన్నది రెండు పక్షాల వారి సమర్థనయు. అది విన్నప్పుడల్లా ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగాయన్న సామెత గుర్తుకొస్తుంది. ఎదుటివాడు చేస్తున్నది తప్పైతే అదే పని మీరు చేస్తే ఒప్పు ఎట్లవుతుంది? మీ పోరాటంలో ఆ శిశువు సైనికుడు కాడు. యుద్ధభూమి మాత్రమే.

దానమంటే ఏమిటో మన శాస్త్రాలు చెప్పలేదా? తిరిగి ఉపకారం చేయలేనివానికి, ప్రతిఫలం కోరకుండ, ఇవ్వవలసినదన్న బుద్ధితో ఇచ్చేదే సాత్త్వికదానమని భగవద్గీత పదునేడవ అధ్యాయం చెప్తున్నది. ప్రతిఫలం ఆశించి ఇచ్చినది రాజసం. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియనీయవద్దని మత్తయి సువార్త చెప్తున్నది. ఇద్దరు దాతలను వారి వారి గ్రంథాల ముందే నిలబెట్టి అడుగుతున్నాను. పలక ఇచ్చి ప్రార్థన పుచ్చుకొంటే అది దానమా, మారుబేరమా? ఆరేళ్ళ పిల్ల దగ్గర బేరానికి పెట్టడానికి ఏమున్నది, అమ్మ నేర్పిన మాటా, తాత మొక్కిన రాయీ తప్ప?

ఇక మాట సంగతి. దేవుని సంగతి కంటె నాకిది దగ్గరిది.

కొండ దిగివచ్చిన పిల్లలు నా తరగతులలో ఉండేవారు. ఆరవ తరగతికి వచ్చినా నోరు విప్పేవారు కారు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో వారికి 'మొద్దులు' అని సామూహిక నామకరణం జరిగిపోయినది. 'భక్తుడు' అని చెప్తే 'బక్తుడు' అని వ్రాస్తారనీ, వత్తులు రావనీ మార్కులు కోసేవారు. మహాప్రాణాలు మన నోళ్ళలో మాత్రం పలుకుతున్నాయా? పండితుడు కూడ బజారులో బియ్యం బేరమాడేటప్పుడు అల్పప్రాణుడే. సవరభాష ద్రావిడమే కాదు, ముండా కుటుంబానికి చెందినది. తెలుగుకు లేని కంఠమూలీయ ధ్వని దానికి ఉన్నది. ఆ ధ్వనిని నిసర్గంగా పలికే నాలుకను, తనకు లేని ధ్వనులతో నిండిన ఏభైయారు అక్షరాల ముందు కూర్చోబెట్టి, పలకలేదని మొద్దు అన్నాము. కోయ, గోండి, కువి, కొండ భాషలైతే తెలుగుకు తోబుట్టువులు. తోబుట్టువులనే గుర్తుపట్టలేని మనం యాస అని పేరు పెట్టాము. ఇంట గెలిచి రచ్చ గెలువమన్నారు పెద్దలు. ఇంటిమాటలో గెలవకముందే పిల్లవాడిని రచ్చకీడ్చి ఓడించడమే మనం చేస్తున్న విద్యాదానం.

ఇది తెలుగుదేశానికి తెలియని సత్యమేమీ కాదు. ప్రతి ఏడాది ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవం పేరిట ఎవరి పటానికి దండలు వేస్తున్నామో ఆ గిడుగు రామమూర్తి పంతులుగారే దీనిని మొదట గ్రహించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవరభాష తెలిసినవానిని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. సవరలో వాచకాలు వ్రాశారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి సవరపిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయినది. ఆయనయు నియోగి బ్రాహ్మణుడే, ఆయన ఇంటను పూజామందిరం ఉండియుండును. కాని పిల్లవానికి చదువు చెప్పడానికి ముందు ఆయన తానే ఆ పిల్లవాని దగ్గర చదువుకొన్నారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని స్తుతిస్తూ సభలు జరుపుతాము. ఆ పోరాటానికి బీజం సవరల గుడిసెలలో పడినదేమోనన్న ఆలోచన మాత్రం ఏ సభలోను నేను వినలేదు.

అటువైపు ఆదిలాబాదులో, 1940లో కొమురం భీము నేలకొరిగిన తరువాత, నైజాము ప్రభుత్వం పిలువగా వచ్చిన హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రం పెట్టించాడు. గోండిలో వాచకాలు తయారైనాయి. గోండుపిల్లలకు గోండు గురువే గోండిలో చెప్పాడు. మండ్లా కొండలలో ఎల్విన్ కథ మరీ విచిత్రం. మతసేవకుడుగా ఈ దేశానికి వచ్చి, శ్యామరావు హివాలేతో కలిసి 1932లో గోండుల మధ్య సేవాసంస్థ పెట్టి బడులు నడిపి, మతం బోధించని కారణాన చర్చి పెద్దలతో పొసగక, చివరకు చర్చినే వదులుకొన్నాడు గాని గోండులను వదులుకోలేదు.

మతం ఉన్నచోట భాషను నిలబెట్టిన ఉదాహరణ కూడ చెప్పాలి, న్యాయం కోసం. 1894లో మిజో కొండలకు వచ్చిన ఇద్దరు మిషనరీలు మిజో భాషకు లిపి కూర్చి ఆ భాషలోనే చదువు చెప్పారు. 2011లో మిజోరం అక్షరాస్యత 91 శాతం దాటినది. ఆ చదువును నిలబెట్టినది బైబిలా, మిజో భాషయా అని అడిగితే నా సమాధానం రెండవదే. అదే బైబిలు తెలియని భాషలో చదివించిన చోట్ల ఇంత చదువు పండలేదు.

వీటన్నిటికంటె నా మనస్సుకు హత్తుకొన్నది మరొకటి. 1936లో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు తానే లిపి నిర్మించాడు. దాని పేరు సొరంగ్ సొంపెంగ్. ఇరవైనాలుగు అక్షరాలు. ఒక్కొక్క అక్షరానికి సవరల దేవత ఒకరు. అక్షరాన్నే బ్రహ్మగా కొలిచే మతశాఖ దానిచుట్టు ఏర్పడినది. 2012లో ఆ అక్షరాలు కంప్యూటరు యూనికోడులోను చేరాయి. ఓనమాలు మనకు మాత్రమే ఉన్నాయనుకొనే దాతలారా, సవరలకు సవరల ఓనమాలు ఉన్నాయి. భక్తితో కూడిన చదువే కావాలంటే ఆ భక్తి వారి ఇంటనే ఉన్నది. మీరు మోసుకొని పోనవసరం లేదు.

మోసుకొని పోయినచోట ఏమైనదో చరిత్ర చెప్పే ఉన్నది. కెనడాలో ప్రభుత్వం డబ్బిచ్చి, చర్చిలు నడిపిన వసతి పాఠశాలలలో సుమారు లక్షా యాభై వేల మంది ఆదివాసుల పిల్లలు చదివారు. వారి భాష మాట్లాడితే శిక్ష. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. 2015లో సత్యశోధన సంఘం దానిని సాంస్కృతిక జాతిహత్య అన్నది. 2022లో పోప్ ఫ్రాన్సిస్ అక్కడికి వెళ్ళి క్షమాపణ వేడుకొన్నాడు. మన బడులు బలవంతపు బడులు కావు, ఆ క్రౌర్యం ఇక్కడ లేదు. రెండింటినీ ఒకే గాటకట్టడం అన్యాయం. కాని ఆ బడులను నడిపినవారిలోను ఎందరో తాము పుణ్యమే చేస్తున్నామని నమ్మారు. సద్బుద్ధి ఒక్కటే చాలదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ప్రభుత్వాన్ని వదిలిపెట్టానని అనుకోవద్దు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం చెప్తున్నది. వీలైనంతవరకు మాతృభాషే బోధనాభాష కావాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్తున్నది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, గోండి, కొలామీ, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషలలో వాచకాలతో బహుభాషా బోధన మొదలైనది. మంచి పని. దానిని అన్ని గూడేలకు విస్తరింపజేసే పట్టుదలే కొరవడినది. షెడ్యూల్డు ప్రాంతాలలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ గిరిజనులకే ఇవ్వాలని 2000లో వచ్చిన మూడవ నంబరు ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. న్యాయసూత్రాల చర్చ న్యాయవాదులకు వదిలేస్తాను. పిల్లవాని మాట తెలిసిన గురువు వానికి దొరికే దారి ఇరుకైనదన్నది మాత్రం నాకు తెలుసు. ప్రభుత్వం ఖాళీ చేసిన ఆ చోటనే దాత వచ్చి కూర్చుంటాడు. వచ్చినవానిని నిందించే ముందు ఖాళీ చేసినవానిని నిలదీయాలి.

అయినా దాతకు ఒక స్వేచ్ఛ ఉన్నది, అడిగే స్వేచ్ఛ. డబ్బు పంపే ముందు ఆ సంస్థకు నాలుగు ప్రశ్నలు పంపండి. మీ గురువు పిల్లల ఇంటిభాషలో చెప్తున్నాడా? ఆ భాషలో అచ్చయిన పుస్తకం ఒక్కటైనా ఆ బడిలో ఉన్నదా? ఆ ఊరి దేవత పేరు, ఆ ఊరి పండుగ మీ పాఠాలలో గౌరవంగా వస్తున్నాయా? మతబోధకు తల్లిదండ్రుల సమ్మతిని, వారికి అర్థమయ్యే మాటలో, అడిగారా? ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే బడులలో ఆ సమ్మతి తప్పనిసరి అని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తున్నది. చెట్టుకింది బడికి ఆ నియమం వర్తించదని తప్పించుకోవచ్చు. ధర్మం పేర నడిచే బడి చట్టం కంటె తక్కువ ధర్మంతో నడవవచ్చునా?

ఏకోపాధ్యాయ పాఠశాలలో గురువు ఆ ఊరివాడే కావడం గొప్ప వరం. వానికి ఆ భాష వచ్చు, ఆ కథలు వచ్చు, ఆ దేవతలు తెలుసు. గిడుగువారు ఏళ్ళ తరబడి శ్రమించి సంపాదించినది వానికి ఉగ్గుపాలతోనే అబ్బినది. అటువంటివాని చేతికి ఎక్కడో పట్టణంలో అచ్చువేసిన పాటలపుస్తకమిచ్చి ఇదే పాడమనడమంటే, ఏటి ఒడ్డున నిలబడినవానికి సీసాలో నీళ్ళమ్మడమే. వాని ముందు ఒక తెల్లకాగితాల పుస్తకం పెట్టండి. మీ ఊరి కథలు మీ మాటలో వ్రాసి, వాటితోనే పిల్లలకు అక్షరాలు చెప్పు అనండి. ఏడాదికి 365 డాలర్లలో ఒక పుస్తకం ఖర్చెంత?

ఆ పుస్తకంలో మొదటిపుటన ఏ దేవుని పేరు ఉండాలో ఆ ఊరే వ్రాసుకొంటుంది. దాత దానిని చదవలేకపోవచ్చు. చదవలేకపోయినా డబ్బు పంపగలిగితే, అప్పుడది దానం.

స్వస్తి.